పెట్టుబడులకు పిలుపు – గౌతమి యొడ్డు

2025 నవంబరు 14, 15 తేదీలలో విశాఖపట్టణమున జరిగిన భాగస్వామ్య సదస్సులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన సదుపాయములను పారిశ్రామికుల యెదుట ఏకరువు పెట్టినది: వేయి కిలోమీటర్లు దాటిన సముద్రతీరము, ఓడరేవులు, సత్వర అనుమతులు. 2023 మార్చిలో వేరొక పక్షపు ప్రభుత్వము అదే నగరమున అదే పని చేసియున్నది. పాలకులు మారినను పిలుపు మారలేదు. అందు తప్పేమియు లేదు; అంగడి తెరచినవాడు సరుకు చూపక తప్పదు.

అయితే ఆ పిలుపు విలువను కె.గంగవరం మండలములోని కోటిపల్లి రేవున నిలిచి కొలువవచ్చును. కాకినాడనుండి ఇచటికి 1928లో రైలుమార్గము వచ్చినది. యుద్ధకాలమున, 1940లో, పట్టాలను ఊడబెరికి తరలించిరి. అరువదినాలుగేండ్లకు, 2004లో, మరల వేసిరి. ఇచటినుండి గౌతమిని దాటి, అమలాపురము మీదుగా నరసాపురము చేరవలసిన మార్గము 2000-01లోనే మంజూరైనది. పావుశతాబ్ది గడచినను రైలు ఆవలి యొడ్డు చూడలేదు. వ్యయములో నాల్గవవంతు భరింపవలసిన రాష్ట్రము ఆ సొమ్మును సకాలమున చెల్లింపకపోవుట ఇందుకొక ముఖ్యకారణము. సదస్సు వేదికపై ఈ సంగతి ఎవరు చెప్పుదురు?

కోనసీమలో పీచు కర్మాగారము పెట్టదలచినవాడు తీరము పొడవు అడుగడు. బండికూలి యెంతయని అడుగును. అక్కడి కొబ్బరికాయ నేటికిని లారీ యెక్కియే ఉత్తరదేశమునకు పోవుచున్నది.