తార కలం పడితే

తెరమీద బొమ్మగా కనిపించిన ఆడమనిషి ఒకనాడు కలం పట్టుకుని కథ వ్రాసిందంటే మనలో చాలామందికి మొట్టమొదట కలిగే సందేహం ఒక్కటే: "ఎవరు వ్రాసిపెట్టారో!" మగనటుడు నాలుగు పద్యాలు వ్రాస్తే యీ సందేహం రాదు. ఆయనకు ప్రతిభ ఉన్నదంటాము. ఆమెకయితే వెనకాల ఎవరో ఉన్నారంటాము. యీ తేడా నన్ను చాలాకాలంగా గుచ్చుతున్నది గనక యీ వారం దాన్ని గురించే వ్రాస్తున్నాను.

సందేహానికి బొత్తిగా ఆధారమే లేదని అనను. మరాఠీ తార హంసా వాడ్కర్ ఆత్మకథ ఒకటి ఉన్నది. పేరు 'సాంగత్యే ఐకా', అంటే "చెబుతున్నాను, వినండి" అని. ఆమె చెప్పింది, పత్రికారచయిత అరుణ్ సాధు వ్రాశారు. ఇందులో దాపరికమేమీ లేదు, ఆ సంగతి పుస్తకం పేరులోనే ఉన్నది. ఆ పుస్తకాన్ని ఆధారం చేసుకుని 1977లో శ్యాం బెనెగల్ 'భూమిక' తీశారు. స్మితా పాటిల్ నటించింది. చెప్పడం వేరు, కూర్చుని వ్రాయడం వేరు. తార అన్న ప్రతి మనిషీ చెప్పి ఊరుకుంటుందని మాత్రం అనుకోరాదు.

అమెరికాలో కుకీ మ్యూలర్ అని ఒకామె ఉండేది. 1949లో బాల్టిమోర్ నగరంలో పుట్టింది. ఆ ఊరివాడే జాన్ వాటర్స్ అనే కుర్రవాడు తన స్నేహితులను పోగుచేసి సినిమాలు తీస్తుంటే అందులో చేరింది. వాటిని 'అండర్‌గ్రౌండు' సినిమాలన్నారు. మన తెలుగుదేశంలో ఫలానా ఆయన అండర్‌గ్రౌండుకు వెళ్లారంటే పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నారని అర్థం. అక్కడి మాటకు అర్థం వేరు. పెద్ద స్టూడియో లేదు, పేరున్న తారలు లేరు, డబ్బు లేదు, మర్యాదస్థులు మెచ్చుకోవాలన్న కోరికా లేదు. 1972లో వచ్చిన 'పింక్ ఫ్లెమింగోస్' దాదాపు 12,000 డాలర్లతో తయారయి, అర్ధరాత్రి ఆటలతో పేరు తెచ్చుకున్నది. యీ చిత్రాలను ఇంటిల్లిపాదీ కలిసి చూడండని నేను చెప్పను. చెబితే సంపాదకులు నన్ను ఊరుకోరు.

నాకు పట్టింపయినది ఆ తరువాతి సంగతి. కుకీ న్యూయార్కు చేరి వ్రాయడం మొదలుపెట్టింది. 'ఈస్ట్ విలేజ్ ఐ' అనే పత్రికలో ఆరోగ్యసలహాల శీర్షిక నడిపింది. పేరు 'డాక్టర్ మ్యూలర్‌ను అడగండి'. ఆమె డాక్టరు కాదని వేరే చెప్పనక్కరలేదు! 'డీటెయిల్స్' అనే పత్రికలో చిత్రకళను గురించి వ్రాసింది. తన బతుకులోని ఘోరాలనూ గమ్మత్తులనూ కథలుగా వ్రాసింది. ఎంతటి దారుణాన్నయినా బజారుకు వెళ్లివచ్చిన కబురు చెప్పినంత తేలికగా చెప్పడం ఆమె పద్ధతి. ఏడుపు లేదు, తనను తాను పొగుడుకోవడం అసలే లేదు. 1989 నవంబరులో, నలభయ్యేళ్ల వయసులో ఎయిడ్స్‌తో పోయింది. 'వాకింగ్ త్రూ క్లియర్ వాటర్ ఇన్ ఎ పూల్ పెయింటెడ్ బ్లాక్' అన్న కథల పుస్తకం మరుసటి ఏడు వెలువడింది. నల్లరంగు వేసిన కొలనులో తేటనీళ్లలో నడవడం అని ఆ పేరుకు అర్థం. ముప్ఫయి ఏళ్లు దాటాక, 2022లో, అది మరింత పెంచిన ప్రతిగా మళ్లీ వచ్చింది. ఆ అర్ధరాత్రి సినిమాలు చూడని వాళ్లు గూడా ఇప్పుడామెను రచయిత్రిగానే చదువుతున్నారు.

ఇక మన ఇంటికి వద్దాం.

మన భానుమతి అండర్‌గ్రౌండు మనిషి కానేకాదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి, నేనిక్కడే ఉన్నానని చెప్పగలిగిన మనిషి. 1925లో ఒంగోలు ప్రాంతపు దొడ్డవరంలో పుట్టింది. 1939లో సి. పుల్లయ్యగారి 'వరవిక్రయం'తో తెరమీదికి వచ్చింది. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకం అది. అందులో కాళింది పాత్ర ఆమెది. కట్నం ఇచ్చి కొన్న పెళ్లి ఇష్టంలేక ప్రాణం తీసుకునే పిల్ల. అప్పటికి ఆ అమ్మాయికి నిండా పదిహేనేళ్లు లేవు. యీ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

1943లో 'కృష్ణప్రేమ' సమయంలో సహాయ దర్శకుడు రామకృష్ణారావుగారిని ప్రేమించి, ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం లేకపోయినా పెళ్లి చేసుకున్నది. ఇక సినిమాలు చాలనుకున్నదట గాని, 1945లో బి.ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ' ఆమెను మళ్లీ లాక్కొచ్చింది. తరువాత భార్యాభర్తలు కలిసి కొడుకు పేరున భరణీ సంస్థ పెట్టారు. 1951లో 'మల్లీశ్వరి'. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ తానే దర్శకత్వం వహించి తీసింది. కథానాయిక తానే, ద్విపాత్రలు తానే, పాటలు తానే. 'మిస్సమ్మ' మొదట ఆమెతోనే మొదలయి, నిర్మాతలతో పట్టింపులు వచ్చి, సావిత్రి చేతికి వెళ్లిన కథ మీకందరికీ తెలిసిందే. ఇంతకూ ఎవరో వ్రాసిచ్చింది తన పేరున వేసుకుని మురిసిపోయే మనిషికి యీ లక్షణాలు ఉంటాయా?

'అత్తగారి కథలు' వచ్చేనాటికి తెలుగువాళ్ల మనసుల్లో అత్తగారికి ఒక రూపం స్థిరపడి ఉన్నది. చీర కొంగు బొడ్లో దోపి, నోరు పెట్టుకుని, కోడలిని నిలువునా ఏడిపించే మనిషి. ఆ రూపానికి సూర్యకాంతంగారు ప్రాణం పోశారు. ఆమె గొప్ప నటి. ఆ సంగతి కాదు నేను చెప్పేది. సినిమాలో కోడలు ఏడవాలి, అత్త ఏడిపించాలి, ఆఖరి రీలులో అత్తకు బుద్ధి రావాలి. ఆ లెక్కలు పుట్టే చోటనే పని చేస్తున్న భానుమతి ఇంటికి వెళ్లి వేరే అత్తగారిని వ్రాసింది. మడీ ఆచారమూ ఉన్న మనిషి, ఇంటి పెత్తనం తనదేనన్న ధీమా ఉన్న మనిషి, లోకం తనకు తెలిసినంతగా మరొకరికి తెలియదనుకునే మనిషి, ఎవరు వచ్చి ఏది చెప్పినా నమ్మి బోల్తాపడే అమాయకురాలు. ఆవకాయ దగ్గర నుంచి నక్సలైట్ల దాకా ఆవిడ జోక్యం చేసుకోని విషయం లేదు. కోడలు పక్కన నిలబడి చూస్తుంటుంది. చూసి మనకు చెబుతుంది.

కట్నపు పెళ్లిలో చచ్చిపోయే పిల్లగా తెరకెక్కిన మనిషి అత్తాకోడళ్ల మీద ఇటువంటి కథలు వ్రాయడం చిన్న సంగతి కాదు. ఆమెకు ఏడుపు తెలియక కాదు. తెరమీద కావలసినంత ఏడ్చింది. కాగితం మీద ఏం చెయ్యాలో తానే నిర్ణయించుకున్నది.

తెలుగు చెప్పుకుని బతికేదాన్ని గనక ఒక భాషా విషయం చెప్పకుండా ఉండలేను. ఆ కథల హాస్యమంతా ఒక్క 'గారు'లో ఉన్నది. అత్తగారు ఎంత తెలివితక్కువ పని చేసినా కోడలు ఆ గౌరవ బహువచనం వదలదు. "మా అత్తగారు వెళ్లారు, మా అత్తగారు సెలవిచ్చారు, మా అత్తగారు మోసపోయారు." క్రియకు ఆ 'రు' తగిలేసరికి మోసపోవడం గూడా ఒక ఘనకార్యంలాగా వినిపిస్తుంది. ఇంగ్లీషులోకి తిప్పి చూడండి, సగం నవ్వు పోతుంది. ఏకవచనంలోకి మార్చి చూడండి, మిగిలిన సగం పోయి ఎకసెక్కం మిగులుతుంది. నా క్లాసులో పిల్లలచేత ఒక పేరా అట్లా మార్పించి చదివించాను. మొదటిసారి నవ్విన పిల్లలే రెండోసారి ముఖాలు చిట్లించారు. నవ్వుకూ ఎగతాళికీ మధ్యనున్న గీత ఎక్కడున్నదో నేను అంతకంటే బాగా చెప్పలేను.

క్లాసులో ఒక అమ్మాయి లేచి అడిగింది: "మేడమ్, ఆవిడ సినిమా యాక్టరు గనకనే యీ కథలకు అంత పేరొచ్చిందేమో?" మంచి ప్రశ్న. పేరు తలుపు తీసిందంటే కాదనను. పత్రికలవాళ్లు తార పేరు చూసి అచ్చువేసి ఉండవచ్చు, పాఠకులు తార పేరు చూసి కొని ఉండవచ్చు. కాని ఆ మోజు ఎన్నాళ్లుంటుంది? 'మల్లీశ్వరి' చూడని పిల్లలు, భానుమతి పాట ఒక్కటీ తెలియని పిల్లలు, నా ఎదుట కూర్చుని కిసుక్కుమన్నారు. అది తార గొప్పేనా? మునిమాణిక్యంగారి కాంతం పక్కన అత్తగారికి పీట వెయ్యవచ్చునని నా ఉద్దేశం. నిజానికి కాంతాన్ని భర్త చూసి వ్రాశాడు. అత్తగారిని కోడలు చూసి వ్రాసింది. ఇంట్లో ఆడవాళ్ల వ్యవహారాన్ని ఆడమనిషే పక్క నుంచి చూస్తే ఏం కనబడుతుందో యీ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి చదివితే తెలుస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. అది కలిగినవారి ఇల్లు. పనివాళ్లు కథలోకి నవ్వించడానికి వస్తారు, పని ముగించుకుని వెళతారు. వాళ్ల బాధ ఏమిటో కథకు పట్టదు. పైగా ఇంటికి డబ్బు తెచ్చే కోడలు అత్తగారిని చూసి నవ్వుకోగలదు. చేతిలో పైసా లేని కోడలికి ఆ నవ్వు అంత సులభం కాదు. యీ మాట పుస్తకాన్ని తక్కువచేయడానికి అనడం లేదు, చదివేటప్పుడు మనసులో ఉంచుకోమని అంటున్నాను.

ప్రభుత్వం 1966లో పద్మశ్రీ ఇచ్చింది. రాష్ట్ర సాహిత్య అకాడమీ 'అత్తగారి కథల'కు బహుమతి ఇచ్చింది. చాలా ఏళ్ల తరువాత వచ్చిన ఆత్మకథ 'నాలో నేను' సినిమా మీద వచ్చిన ఉత్తమ గ్రంథంగా జాతీయ బహుమతి పొందింది. మధ్యలో 1984లో 'మంగమ్మగారి మనవడు' వచ్చి, కొత్త తరానికి ఆమెను నాయనమ్మగా పరిచయం చేసింది. 2005 డిసెంబరులో మద్రాసులో కన్నుమూసింది.

మేముండేది నల్లగండ్లలో. పాత ఊరూ చెరువూ ఒకవైపు, వాటిని కమ్ముకుంటూ లేచిన అపార్టుమెంట్లు ఒకవైపు. యీ అపార్టుమెంట్లలో అత్తగార్లు ఎంతమంది అనుకున్నారు! కొడుకూ కోడలూ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకు వెళితే మనవలను చూసుకోవడానికి గుంటూరు నుంచి, కరీంనగరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. అత్తయ్యగారు, అత్తమ్మ, అత్త అని పిలుపులు మూడు రకాలు. సాయంత్రం కింద సిమెంటు బెంచీల మీద వీళ్లందరూ చేరితే ఒక్క భానుమతి చాలదు, పదిమంది కావాలి. లిఫ్టుకు భయపడే ఆవిడ ఒకరు. కోడలు కంప్యూటరు ముందు కూర్చుని ఆఫీసువాళ్లతో మాట్లాడుతుంటే, పాపం గొంతు ఆరిపోతుందని కాఫీగ్లాసుతో అందరికీ దర్శనమిచ్చే ఆవిడ మరొకరు.

మా అంతస్తులో ఒక అమ్మాయి ఉన్నది. ముప్ఫయి దాటిన మనిషి, కరీంనగరు వైపు పిల్ల. నా దగ్గర 'అత్తగారి కథలు' తీసుకువెళ్లి చదివి, నెల తరువాత నాలుగు కాగితాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. కథ వ్రాసింది! ఫ్లాటులో సరిగా ఎండ పడదని వాళ్ల అత్తమ్మ కారానికి మిరపకాయలు తెచ్చి ఈతకొలను పక్కనున్న పడకకుర్చీల మీద ఆరబోసిందట. వద్దని చెప్పడానికి వచ్చిన కాపలా కుర్రవాడిని, ముందు అన్నం తిన్నావా అని అడిగి, పెరుగన్నం పెట్టి, సాయంత్రం దాకా మిరపకాయలకు కాపలా కూర్చోబెట్టిందట. చదివి నేను పడీపడీ నవ్వాను.

"పత్రికకు పంపు" అన్నాను.

"వద్దక్కా" అన్నది. "ఆమె చూస్తే బాధపడతది. మా అత్తమ్మ నన్ను నమ్మి మా ఇంట్ల ఉంటున్నది. ఆమెను నలుగురిల నవ్వులపాలు చేసినట్టయితది. మా ఆయనకు తెలిస్తే ఇంకా కష్టం."

దీనికి నేను తేలికగా జవాబు చెప్పలేకపోయాను. కుకీ మ్యూలర్ వ్రాసినప్పుడు పోయిన పరువు ముందు తనది. భానుమతికి లోకంలో తన స్థానం తనకున్నది. యీ అమ్మాయి రేపు ఉదయం అదే వంటింట్లో అదే మనిషి పక్కన నిలబడాలి. రచయితకు స్వేచ్ఛ ఉండాలని సభల్లో చెప్పడం సులభం. ఆ ఇంట్లో ఉండేది మనం కాదు గదా. "నీ కథలో 'రు' ఎక్కడా తప్పలేదు, ఆమెను ఎక్కడా చిన్నబుచ్చలేదు. పంపేముందు ఆమెకే చదివి వినిపించు. కాదంటే చించెయ్" అని మాత్రం అన్నాను.

పదిరోజులు కనపడలేదు. గొడవయిందేమోనని నాకు లోపల బెదురుగానే ఉన్నది. ఆ తరువాత ఒక ఆదివారం అత్తమ్మే స్వయంగా వచ్చింది, చేతిలో ఆ కాగితాలతో. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"మీరేనా సారూ, మా పిల్లకు కతలు నేర్పింది?" అన్నది. వాళ్ల ఊళ్లో పంతులమ్మను గూడా సారూ అనే పిలుస్తారట. "మంచిగనే రాసింది. ఆ పోరడు అన్నం తిన్నది గూడ రాసింది. గని గుంటూరు మిరపకాయలని రాసిందేంది? అవి వరంగల్ చపాట మిరపకాయలు. మా అన్న పంపిండు. పేపర్ల తప్పు పడితే మా అన్న ఏమనుకుంటడు? జర దిద్దుండ్రి."

ఎర్రసిరా కలం తీసి నేనే దిద్దాను. ఆవిడ పక్కన నిలబడి, చపాట అన్న మాట నేను సరిగా వ్రాశానో లేదో అద్దాలు పెట్టుకుని చూసి, అప్పుడు కూర్చున్నది.