ఆర్కేడ్ పెట్టెలో గాజు గొట్టం
ఇళ్లలో ఉంచుకునే ఆర్కేడ్ పెట్టె, అంటే నాణెం వేసి నిలబడి ఆడే పాత వీడియో ఆటల యంత్రం, మరమ్మతుకు వచ్చినప్పుడు ముందుగా తీసివేసేది దాని పిక్చర్ ట్యూబునే. తప్పక కాపాడవలసినదీ అదే. 1985 నాటి జామా ప్రమాణం 56 పిన్నుల కనెక్టర్‌తో ఆట బోర్డులను మార్చుకునే వీలు కల్పించింది గనుక బోర్డు పోతే మరొకటి దొరుకుతుంది. ఎలక్ట్రాన్ పుంజం గీతలు గీతలుగా బొమ్మను నింపే గాజు గొట్టానికి మాత్రం తయారీ దాదాపు నిలిచిపోయింది, పైగా ఆ పుంజం కదలికను బట్టి గురిని గుర్తించే పాత తుపాకీ ఆటలు ఎల్‌సీడీ తెరపై సాగవు. బొమ్మ వణకడానికి తరచు కారణం ఎండిపోయిన కెపాసిటర్లు, అంటే విద్యుదావేశాన్ని నిలవచేసే చిన్న విడిభాగాలు. అవి చెన్నైలోని రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుండగా, ట్యూబులోని వేల వోల్టుల ఆవేశాన్ని ముందుగా దించివేసి పని మొదలుపెట్టే టీవీ మెకానిక్ ఇంకా ఉండగా, గొట్టాన్ని తొలగించడం మరమ్మతు అనిపించుకోదు.