ఒక సంగతి ఒక్కచోటే రాద్దాం



ఇంటర్ రెండో సంవత్సరంలో నా స్కాలర్‌షిప్ మూడు నెలలు ఆగిపోయింది. బ్యాంకు ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడింది. పేర్ల పట్టికలో దిద్దారు గానీ, పైకి పంపే పట్టికలో దిద్దడం మరిచారు. రెండూ ఒకే ఫైలులో ఉన్నవే. మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరిని అడగాలో తెలియక, మా నాన్న రెండు రోజులు కూలి మానుకుని ఆఫీసు చుట్టూ తిరిగాడు.

అప్పుడు గుమాస్తాను తిట్టుకున్నాను. ఎం.కాం.లో ఎక్సెల్ నేర్చుకున్నాక, అసలు తప్పు పద్ధతిలోనే ఉందని అర్థమైంది. ఒకే సంగతిని రెండుచోట్ల చేత్తో రాస్తే ఏదో ఒకరోజు రెండూ వేరవుతాయి.

దీనికి మాక్రోలు రావాలని చాలామంది భయపడతారు. అక్కర్లేదు. రెండో షీటులో సమానం గుర్తు కొట్టి, మొదటి షీటులోని గడిని నొక్కి ఎంటర్ కొడితే చాలు. అక్కడ మారితే ఇక్కడా మారుతుంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. మొదటి షీటును అక్షరక్రమంలో సర్దితే రెండో షీటులో పేర్లు కదులుతాయి. పక్కన మనం రాసుకున్న దుప్పటి, ట్రంకుపెట్టె లెక్కలు కదలవు. ఒకడు తీసుకున్న దుప్పటి ఇంకొకడి పేరున పడుతుంది!

అందుకే రెండో షీటులో అడ్మిషన్ నంబరు మాత్రం రాసి, పేరు, తరగతి, ఖాతా అన్నీ వీలుకప్ ఫార్ములాతో తెచ్చుకోవాలి. ఫార్ములా చివర ఫాల్స్ అని రాయడం మరవొద్దు. లేకుంటే వేరొకరి వివరాలు రావచ్చు. నంబరు దొరక్కపోతే ఎన్/ఏ అని చూపుతుంది. దాన్ని చెరిపేయకండి, అది మనకు హెచ్చరిక. ఖాతా నంబర్ల గడులను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెల తర్వాతవి సున్నాలైపోతాయి.

రిజిస్టరే నయం అనే పెద్దలున్నారు. సంతకాల రిజిస్టరు ఉండాల్సిందే, కాదనను. ముఖాన మసి ఉంటే అద్దంలోనూ మసే కనిపిస్తుంది. మొదటి పట్టిక తప్పయితే అన్నీ తప్పే. కాబట్టి నా సూచన ఒకటే. ప్రతి టర్మ్‌లో ఒకసారి ఆ పట్టికను ఖాతా చివరి 4 అంకెలతో నోటీసు బోర్డులో పెట్టాలి. ఎవరి వరుస వాళ్లే చూసుకోవాలి.

కంప్యూటర్ వచ్చిన సీనియర్లు ఒక ఆదివారం కూర్చుంటే ఈ పని అయిపోతుంది. ఇంకే తమ్ముడి తండ్రీ ఒక్క అంకె కోసం కూలి పోగొట్టుకోకూడదు.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.కాం.