ఏడవడానికీ డాక్టరు కావాలి
2019లో వచ్చిన మలయాళ చిత్రం 'కుంబలంగి నైట్స్'లో తండ్రి పోయాడు, తల్లి దైవసేవంటూ వెళ్లిపోయింది. మిగిలింది తలుపుల్లేని ఇల్లూ, నలుగురు అన్నదమ్ములూ. పెద్దవాడు సజీ త్యాగమూర్తి కాడు. ఇస్త్రీ పని చేసే స్నేహితుడు మురుగన్ సంపాదన మీద పడి తాగుతాడు, తమ్ముడు బాబీతో కలబడతాడు. తనను కాపాడబోయి మురుగన్ చనిపోయాక, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని అందరికంటే చిన్నవాడు ఫ్రాంకీని అడుగుతాడు. అక్కడ సజీగా నటించిన సౌబిన్ షాహిర్ డాక్టరును పట్టుకుని ఏడ్చే సన్నివేశమే, నా దృష్టిలో, సినిమాకు గుండెకాయ. తర్వాత బాబీ పెళ్లి మాటలకు రమ్మని కొడుకులు పిలిస్తే తల్లి రానంటుంది. దర్శకుడు మధు సి. నారాయణన్ ఆమెను బలవంతంగా వెనక్కి తీసుకురాలేదు. మనవాళ్లయితే చివర్లో ఓ పాట పెట్టి, అందరినీ ఫొటోకు నిలబెట్టేవాళ్లు.