మిస్‌ఫైర్ కాదు, ఏమరుపాటు

గన్‌మన్ చేతిలో తుపాకి ‘మిస్‌ఫైర్’ అయిందనీ, శుభ్రం చేస్తుండగా పిస్తోలు ‘మిస్‌ఫైర్’ అయి కానిస్టేబుల్ గాయపడ్డాడనీ అప్పుడప్పుడూ వార్తలు వస్తూనే వుంటాయి. ఆయుధాలు తెలిసినవారి పరిభాషలో మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. పేలకూడని వేళ పేలినదానికి అదే పేరు ఎలా స్థిరపడిందో గాని, ఈ పొరపాటులో పత్రికలకూ వాటా వుంది. ఆ ఒక్క మాటతో తప్పంతా ఇనుప ముక్కకు అంటగట్టి మనిషి పక్కకు తప్పుకుంటున్నాడు.

ఈ మాట ఇప్పుడు పట్టించుకోవడానికి కారణం వుంది. ఇషాపూర్ కర్మాగారంలో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్తోలుకు ఎడమపక్క ఒక మీట వుంటుంది. బొటనవేలితో దానిని పైకి తోస్తే ట్రిగ్గర్ నొక్కినా గుండు బయటికి రాదు. మన పోలీసులలో తరాల తరబడి అలవాటైన ఆయుధం అది. 1982లో ఆస్ట్రియా సైన్యం స్వీకరించిన గ్లాక్ పిస్తోలుకు ఇటువంటి మీటే లేదు. మన దేశంలో ఎన్.ఎస్.జి. కమెండోలు వాడే పిస్తోలు ఇదే. దీని రక్షణ ఏర్పాట్లలో ఒకటి ట్రిగ్గర్ మీదనే వుంది, మిగిలినవి లోపల వున్నాయి. ట్రిగ్గర్‌ను పూర్తిగా వెనక్కు లాగనంతవరకు లోపలి సూది ముందుకు కదలదు. కిందపడినా పేలకుండా వుండాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. కాని ట్రిగ్గర్ వెనక్కు వస్తే, లాగినది శత్రువును చూసిన వేలా, చొక్కా అంచా అని ఆ యంత్రం అడగదు. దాదాపు 2.5 కిలోల ఒత్తిడి చాలు.

చొక్కా అంచు అనడం ఊరికే కాదు. సఫారీ దుస్తులలో వుండే గన్‌మన్ పిస్తోలును ఒరలోకి తోసేటప్పుడు చొక్కా కొస కూడా లోపలికి వెళ్లడం సులభం. జేబులో పిస్తోలుతోపాటు తాళంచెవులు వేసుకునేవారు వున్నారు. ఏళ్ల తరబడి వాడి మెత్తబడిన తోలు ఒర నోరు లోపలికి ముడుచుకుని ట్రిగ్గర్ మీద పడుతుంది. సినిమాలలో హీరో వెనుక నడుముకు దోపుకున్నట్టు దోపుకునేవారి సంగతి చెప్పనక్కరలేదు. మీట లేని పిస్తోలుకు ఒరే మీట. అది గట్టిగా వుండాలి, ట్రిగ్గర్ చుట్టూ వున్న కడ్డీని పూర్తిగా కప్పాలి, వంగినా పరుగెత్తినా ఆయుధం జారిపోకుండా పట్టి వుంచాలి. తీసేటప్పుడు తొందర వుంటే వుండవచ్చు, తిరిగి పెట్టేటప్పుడు తొందర దేనికి? బట్ట పక్కకు తీసి, కంటితో చూసి, వేలిని ట్రిగ్గర్ దరికి రానీయకుండా పిస్తోలు పక్కన చాచి వుంచి, నిదానంగా దించాలి. చేజారితే పట్టుకోబోకూడదు. గాలిలో పట్టుకోబోయిన వేలు ట్రిగ్గర్ మీదనే పడుతుంది.

కొత్త రకమైతే భయం లేదనుకోవడానికీ వీలులేదు. సిగ్ సావర్ కంపెనీ పి-320 పిస్తోలు కొన్ని కోణాలలో కిందపడితే పేలుతున్నదని తేలడంతో 2017లో అమెరికాలో ట్రిగ్గర్ భాగాలను మార్చి ఇవ్వవలసి వచ్చింది.

రివాల్వర్లది వేరే కథ. చాలా రివాల్వర్లకు మొదటి నుంచీ మీట లేదు. పాతవాటిలో కొన్నిటికి సుత్తి మీద దెబ్బ తగిలితే చాలు, దాని కింద వున్న తూటా పేలవచ్చు. అందుకే పెద్దలు ఆరు గదులలో అయిదే నింపి, సుత్తి కింది గదిని ఖాళీగా వుంచేవారు. తాతల నాటి రివాల్వర్ వారసత్వంగా వచ్చినవారు ఈ అలవాటును కూడా వారసత్వంగా తీసుకోవడం మంచిది. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబయిలో హిందీ నటుడు గోవిందా ప్రయాణానికి సిద్ధమవుతుండగా, ఆయన లైసెన్సు రివాల్వర్ చేజారి పేలి కాలికి గాయమయింది. ఆస్పత్రిలో గుండు తీశారు. గుండు కాలికి కాక ఇంకెక్కడ తగిలినా ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఇంతకూ చాంబర్‌లో తూటా వుంచుకుని తిరగవలసిన అవసరం ఎందరికి వుంది? ఒకరి ప్రాణానికి కాపలాగా వున్న గన్‌మన్‌కు వుండవచ్చు. రెండు చేతులూ ఖాళీగా దొరికే వ్యవధి అతనికి దొరకకపోవచ్చు. కాని బ్యాంకుకు నగదు తీసుకువెళ్లే వ్యాపారికి, తోటలో ఒంటరిగా వుండే రైతుకు, ఎన్నడూ ఒర నుంచి తీయని నాయకునికి ఆ అవసరం ఏపాటిది? మ్యాగజైన్ నింపి చాంబర్ ఖాళీగా వుంచుకుంటే వారికి పోయేది ఒక క్షణం. వారి ఇంట్లో పిల్లలకు మిగిలేది ప్రాణం. హోదా కోసం ఆయుధం పెట్టుకునేవారికి ఆ క్షణం కూడా పోదు.

ఖాళీ చేయడంలోనూ పొరపాటు జరుగుతున్నది. మ్యాగజైన్ తీసేసి తుపాకి ఖాళీ అయిందనుకుంటారు. చాంబర్‌లో ఒకటి మిగిలే వుంటుంది. ముందు మ్యాగజైన్ తీయాలి, తరువాత స్లయిడ్ వెనక్కు లాగాలి, చాంబర్‌లోకి కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. ఈ క్రమం తారుమారైతే మ్యాగజైన్ నుంచి మరో తూటా పైకి ఎక్కుతుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలను స్టేషన్లలో అప్పగిస్తారు. అప్పగించేవారికీ తీసుకునేవారికీ మధ్య బల్ల మీద ఆ తుపాకి ఎటు చూస్తున్నదో గమనించేవారు లేకపోతే, జనంతో నిండిన గది అది.

చట్టంలో లోటు లేదు. లైసెన్సు కోరేవారు ఆయుధ భద్రతలో శిక్షణ పొందాలనీ, బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకిని ఒరలో, పూర్తిగా కప్పి, అదుపులో వుంచుకోవాలనీ, పెళ్లిళ్లకు, జాతరలకు, సభలకు తీసుకుపోరాదనీ 2016 నాటి ఆయుధ నిబంధనలు చెబుతున్నాయి. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని 2019 సవరణ చేర్చింది. కాగితం మీద ఇంత వుండగా, శిక్షణ ధ్రువపత్రం మరో జిరాక్సు కాగితంగా దరఖాస్తుకు గుచ్చబడితే ప్రయోజనమేమిటి?

లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినవారి చేత కలెక్టరు కార్యాలయం ఫారాలు నింపిస్తుంది. అదే రోజున జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు మైదానంలో ఒక్క గంట, ఖాళీ తుపాకితో ఒరలో పెట్టడం, తీయడం, ఖాళీ చేయడం చేసి చూపించమంటే ఖజానాకు పెద్ద ఖర్చు కాదు. ఆయుధాన్ని ఆర్మరర్ చేత పరీక్ష చేయించవచ్చు. గన్‌మన్ డ్యూటీకి వేసేముందు సిబ్బందికి పిస్తోలుతోపాటు దానికి సరిపడే కొత్త ఒర ఇవ్వాలి. పాత మీట పిస్తోలు నుంచి మీట లేనిదానికి మారినవారికి మళ్లీ మొదటి నుంచి తర్ఫీదు ఇవ్వాలి. ప్రతి స్టేషన్‌లో ఆయుధం ఖాళీ చేయడానికి ఇసుక నింపిన పెట్టె ఒకటి మూల పెట్టించడానికి జిల్లా ఎస్పీకి పైనుంచి ఉత్తరువు రానక్కరలేదు.