మొటిమలకు జుట్టు మందా?

జుట్టు రాలకుండా తలకు రాసుకునే మందుని మొటిమల కోసం మొహానికి పట్టిస్తున్న ఆడపిల్లలున్నారు. వినడానికి వింతగా ఉన్నా దీని వెనక ఒక తర్కం ఉంది. జుట్టు పలచబడడంలోనూ, మొహాన జిడ్డూరి మొటిమలు రావడంలోనూ ఆండ్రోజెన్ హార్మోన్ల పాత్ర ఉంటుంది. అక్కడ పనిచేసేది ఇక్కడ చెయ్యదా అన్న ఆశ.

కానీ జుట్టు మందులన్నీ ఒకటి కావు. మినాక్సిడిల్ ఈ హార్మోన్లని అడ్డుకోదు. రక్తపోటు మాత్రగా వచ్చి, మింగినవాళ్లకి ఒంటిమీద వెంట్రుకలు పెరగడంతో తలకు రాసే మందుగా మారింది. మొహానికి రాస్తే మొటిమలు తగ్గకపోగా గడ్డాన వెంట్రుకలు రావచ్చు. అలా వస్తే పెళ్లిచూపుల్లో ఏమంటారో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు!

ఫినాస్టరైడ్ సంగతి మరీ తీవ్రం. 1997లో అమెరికాలో బట్టతలకి అనుమతించింది మగవాళ్లకి మాత్రమే. కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదముంది కనుక, పగిలిన మాత్రని గర్భిణులు ముట్టుకోకూడదంటారు. దాన్ని లోషన్‌గా రాసుకున్నా రక్తంలోకి చేరుతుందనీ, పక్కవారికి అంటుకోవచ్చనీ 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అంటే భర్త తలకి రాసుకున్నా జాగ్రత్తపడాల్సింది భార్యే.

ఆండ్రోజెన్లని చర్మంలోనే అడ్డుకుని మొటిమలు తగ్గించే క్రీము లేకపోలేదు. క్లాస్కోటెరోన్‌ని మొటిమలున్నవారి మీదే పరీక్షించి, 2020లో అమెరికాలో అనుమతించారు. తల మందుకి మొహం మీద అలాంటి పరీక్ష ఏదీ?

ఇంకో సంగతి. జుట్టు పలచబడి, మొటిమలు వచ్చి, గడ్డాన వెంట్రుకలు మొలిచి, నెలసరి తప్పుతున్న అమ్మాయికి అండాశయాల్లో నీటితిత్తుల సమస్య, అదే పీసీఓఎస్, ఉందేమో చూడాలి. ఆమెకి కావలసింది పరీక్ష. మనవాళ్లు మాత్రం నెలసరి గురించి అడగరు, మొహం గురించే అడుగుతారు.

1985లో పటాన్‌చెరులో జరిగిన నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం మీద స్త్రీశక్తి సంఘటన, మరికొందరితో కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కింది. మా ఒంట్లోకి ఏం పంపుతున్నారో చెప్పమన్నదే అప్పటి ప్రశ్న. ఇప్పుడు శిబిరం లేదు, మందుల షాపు కౌంటరుంది. డాక్టరు చీటీ లేనిదే ఫినాస్టరైడ్ ఇవ్వకూడదనీ, గర్భిణులకు హెచ్చరిక తెలుగులో ముద్రించాలనీ ఔషధ నియంత్రణ అధికారులని నిలదియ్యాలి. ఈలోగా మన ఆరోగ్య సమావేశాలకి వచ్చే అమ్మాయిలని, మొహానికి ఏం రాస్తున్నారో ఆ ట్యూబో సీసానో వెంట తెచ్చుకోమందాం. అందరం కలిసి చదువుదాం.