సంతకం లేని సోదాలు

‘ఫలానా బస్తీలో నిర్బంధ తనిఖీలు, ఇన్ని ద్విచక్ర వాహనాలు స్వాధీనం’ అనే వార్త గత కొన్నేళ్లుగా హైదరాబాదు దినపత్రికల లోపలి పేజీలలో ఒకే మూసలో అచ్చవుతోంది. బస్తీ పేరు మారుతుంది, వాహనాల సంఖ్య మారుతుంది. ఎంతమంది పోలీసులు పాల్గొన్నారో, ఏ అధికారి నాయకత్వం వహించారో ఉంటుంది. ఏ చట్టంలోని ఏ సెక్షను కింద ఆ ఇళ్లలో అడుగుపెట్టారో ఉండదు. ఎన్ని ఇళ్లు సోదా చేశారు, పంచులుగా ఎవరు సంతకం పెట్టారు, ఏ ఇంటివారికి జాబితా నకలు ఇచ్చారు అన్నది అసలే ఉండదు. నేరస్థుల కోసం వెళ్లామని చెబుతారు. చివరికి దొరికేవి ఎక్కువగా ఆర్సీ కాగితాలు చూపలేని బండ్లు. పేదవాడి బండికి కాగితం లేకపోవడం నేరమైనప్పుడు, పేదవాడి ఇంట్లో జరిగిన సోదాకు కాగితం లేకపోవడం ఏమవుతుంది? మేము అడగదలచిన ప్రశ్న ఇదొక్కటే.

ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగిరీ చేసినవారికి ఒక సంగతి ఎవరూ నేర్పకుండానే తెలిసిపోతుంది. ఫైలులో లేనిది జరగనట్టే. పైఅధికారి నోటిమాటగా చెప్పిన ఆదేశానికి రేపు ఎవరూ బాధ్యులు కారు; దానినే నోట్‌షీటు మీద రాసి కింద సంతకం పెట్టమంటే సగం ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి. ఈ మర్మం పోలీసు శాఖకు మాకంటే బాగా తెలుసు. చట్టం చేసినవారికీ తెలుసు. అందుకే సోదా విషయంలో చట్టం అడుగడుగునా కాగితాన్ని అడ్డం పెట్టింది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 185వ సెక్షను చూడండి. వారంటు లేకుండా సోదా చేయాలనుకునే అధికారి ముందుగా కారణాలను కేసు డైరీలో రాయాలి. ఏ వస్తువు కోసం వెతుకుతున్నారో సాధ్యమైనంతవరకు పేర్కొనాలి. ఆ రాతల ప్రతిని 48 గంటలు మించకుండా సమీప మెజిస్ట్రేటుకు పంపాలి. సోదా జరిగిన ఇంటి యజమాని గానీ అందులో నివసిస్తున్నవారు గానీ దరఖాస్తు చేసుకుంటే మెజిస్ట్రేటు దాని నకలును ఉచితంగా ఇవ్వాలి. ఉచితంగా అన్న మాటను మేము కావాలనే నొక్కి చెబుతున్నాము. ఇక 103వ సెక్షను ప్రకారం అదే ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్రులైన, గౌరవనీయులైన నివాసుల ఎదుట సోదా జరగాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా మీద వారి సంతకాలు ఉండాలి, ఇంటివారికి ఒక ప్రతి అందాలి. సోదా మొత్తాన్ని దృశ్య, శ్రవణ రూపంలో చిత్రీకరించాలని 105వ సెక్షను కొత్తగా విధించింది.

ఇన్ని నియమాల మధ్య నుంచి ఒక బస్తీ మొత్తాన్ని తెల్లవారకముందే చుట్టుముట్టి వరుసగా తలుపులు తట్టే పద్ధతి ఎలా దూరి వచ్చింది? చట్టం ఒక కేసు గురించి, ఒక స్థలం గురించి, ఒక వస్తువు గురించి మాట్లాడుతుంది. రెండు వందల ఇళ్లవారి మీద ఒకేసారి కలిగే అనుమానం గురించి అందులో ఎక్కడా లేదు. అందుకే ఈ తనిఖీలను సోదా అనకుండా ‘ప్రజలకు భరోసా’ అంటారు, ‘కమ్యూనిటీ కాంటాక్టు’ అంటారు. పేరు మార్చగానే పంచనామా అవసరం తప్పిపోతుంది. తలుపు తీసిన ఇల్లాలు వద్దని అనలేదు కాబట్టి సమ్మతించినట్టేనని లెక్క. యూనిఫారంలో పదిమంది గుమ్మంలో నిలబడితే, మగవారు ఫజర్ నమాజుకు బయలుదేరే వేళ, వద్దు అనగలిగే ఇల్లాలు ఎవరు?

ఈ భరోసా బంజారాహిల్స్ బంగళాలకు అందిన దాఖలాలు మాకు కనబడలేదు. పాతబస్తీ గల్లీలకు, నగర శివార్లలోని వలస కూలీల వాడలకు మాత్రం ఉదారంగా అందుతోంది. అందులో ముస్లిములతో పాటు దళితులు, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన శ్రామికులు కూడా ఉన్నారు. కనుక దీనిని మన ఒక్కరి బాధగా చెప్పుకుంటే సగమే చెప్పినట్టు.

వీధిలో జరిగేదానికైతే ఆ మాత్రపు నియమాలు కూడా లేవు. పాతబస్తీ ఇంటి ముందరి చబుత్రా ఎండాకాలపు రాత్రుల్లో గాలి కోసం, ఉమ్మడి కుటుంబంలో సొంత గది లేని కుర్రవాడికి నలుగురితో మాట కోసం ఉన్న చోటు. రంజాను నెలలో అక్కడ సహరీ దాకా సందడి ఉంటుంది. ‘ఆపరేషన్ చబుత్రా’ పేరుతో పోలీసులు అర్ధరాత్రి దాటాక అక్కడ కూర్చున్న యువకులను తరలించి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగు చేశారు. పిల్లలు దారి తప్పకుండా ఉంటారని సంతోషించిన తల్లిదండ్రులూ ఉన్నారు, వారి ఆందోళనను మేము తేలికగా తీసుకోవడం లేదు. అయితే ఆ పిల్లలను తీసుకువెళ్లినది అరెస్టా, కాదా? అరెస్టయితే కారణం రాయాలి, బంధువులకు తెలపాలి, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలపాలి. అరెస్టు కాకపోతే వారిని వ్యానెక్కించే అధికారం ఎక్కడిది? ఈ రెంటికీ మధ్య మూడో గది ఏదీ రాజ్యాంగంలో లేదు.

2021లో గంజాయి నిరోధం పేరిట నగర వీధుల్లో బాటసారుల సెల్‌ఫోన్లు తీసుకుని వాట్సాప్ సంభాషణలు వెతికారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ప్రకటించి అప్పటికి నాలుగేళ్లు. అదే 2021లో ఒక సామాజిక కార్యకర్తను పాతబస్తీలో ఆపి, మాస్కు తీయమని, ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఎక్కడ దాచారు, దేనితో పోల్చారు అని ఆయన రాతపూర్వకంగా అడిగారు, తర్వాత ముఖాలను గుర్తించే సాంకేతికతనే సవాలు చేస్తూ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. అంతకుముందు అలా ఫొటోలు తీయించుకున్నవారు ఎందరో ఉన్నారు. కోర్టు ముందు ప్రశ్న నిలిచింది మాత్రం కాగితం పెట్టిన మనిషి వల్ల.

ముఖం పోలిక ఎంత దూరం తీసుకుపోగలదో మెదక్ చెప్పింది. 2023 జనవరి చివర ఒక గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరా దృశ్యంలోని మనిషిలా ఉన్నాడన్న అనుమానంతో ఒక పేద ముస్లిం కూలీని పట్టుకెళ్లారు. విడిచిపెట్టాక అతడు ఆసుపత్రి పాలయ్యాడు. పోలీసులు కొట్టారని మంచం మీద నుంచే చెప్పి, ఫిబ్రవరి నడుమ హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. హైకోర్టు ఈ ఉదంతాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది. అతడు ఠాణాలో గడిపిన రోజులకు ఏ పుస్తకంలో ఏ నమోదు ఉందన్నదే ఇలాంటి ప్రతి కేసులోనూ మొదటి ప్రశ్న అవుతుంది. అరెస్టు మెమో రాయాలని, సాక్షి సంతకం తీసుకోవాలని, 48 గంటలకొకసారి వైద్యపరీక్ష చేయించాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పినది 1996లో.

మక్కా మసీదు సంగతి కొత్తగా చెప్పనవసరం లేదు. 2007 మే 18న బాంబు పేలుడులో తొమ్మిదిమంది, ఆ తర్వాతి పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. పిమ్మట పదుల సంఖ్యలో మన యువకులను పట్టుకుపోయారు. కోర్టులు వారిని నిర్దోషులన్నాయి. వారు అనుభవించిన చిత్రహింసల వివరాలు నిలిచి ఉండడానికి కారణం రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున ఒక న్యాయవాది జైలుకు వెళ్లి వారి మాటలను రాసుకుని నివేదిక ఇవ్వడమే. 2012 జనవరిలో ప్రభుత్వం 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవయ్యేసి వేలు పరిహారం ఇచ్చింది. నిర్దోషిగా విడుదల కావడం ఒక్కటే పరిహారానికి ఆధారం కాజాలదంటూ హైకోర్టు మరుసటి ఏడు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కొట్టివేతకు గురైన ఆ ఉత్తర్వు సైతం తప్పు జరిగిందని ప్రభుత్వం రాసి ఇచ్చిన కాగితంగా చరిత్రలో ఉంటుంది. వారిని పట్టుకెళ్లిన అధికారులలో ఎవరు దేనికి జవాబు చెప్పారన్న కాగితాన్ని మేము ఇంతవరకు చూడలేదు.

పోలీసుల మీద ఫిర్యాదును పోలీసులే విచారించడం ఈ దేశంలో మామూలైపోయింది. దొంగతనం జరిగిన ఇంటి పంచాయితీని దొంగ బావమరిదికి అప్పగించినట్టు అని పల్లెల్లో అనుకునే మాటే ఇక్కడ సరిపోతుంది. 2006 సెప్టెంబరు 22న ప్రకాష్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాలలో ఒకటి దీనికోసమే. రాష్ట్ర స్థాయిలో విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి, జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షులుగా పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు ఏర్పాటు చేయాలి. డీఎస్పీ వరకు జిల్లా సంస్థ, ఎస్పీ ఆ పైవారి మీద రాష్ట్ర సంస్థ. వాటి సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ దీనిని ఏళ్ల తరబడి నాన్చాయి. పార్టీలు మారాయి, నాన్చుడు మారలేదు. రాజధానిలో ఒక కుర్చీ వేసినంత మాత్రాన కర్నూలు మహిళకో నిజామాబాదు ఆటో డ్రైవరుకో ఒరిగేది లేదు. వారికి కావలసినది జిల్లా కేంద్రంలో తలుపు తెరిచి ఉన్న ఒక గది, అందులో ఫిర్యాదు తీసుకుని ముద్ర వేసి రశీదు ఇచ్చే ఒక గుమాస్తా.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. పిల్లవాడిని ఠాణాకు తీసుకుపోయారని తెలియగానే మనం చేసే మొదటి పని ఏమిటి? కార్పొరేటర్‌కు ఫోను. ఆయన దొరకకపోతే ఎస్సైని ఎరిగిన పహిల్వాన్‌కు. రాత్రి పన్నెండింటికి పిల్లవాడు ఇంటికి వస్తాడు, ‘భాయీ సాబ్ విడిపించారు’ అని కృతజ్ఞత చెబుతాము. ఒంటి మీద దెబ్బలుంటే పసుపు రాస్తాము, ప్రభుత్వ ఆసుపత్రి చీటీ రాయించము. మరుసటి వారం అదే ఠాణా మరొకరి పిల్లవాడిని తీసుకుపోతుంది. సిఫార్సు ఇద్దరికి లాభం చేస్తుంది: పోలీసుకు రికార్డు మిగలదు, నాయకుడికి ఓట్లు మిగులుతాయి. నష్టం ఎవరిదో వేరే చెప్పాలా? అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాయించుకోమని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోమని చెప్పే వాక్యం ఖుర్‌ఆన్‌లోని వాక్యాలన్నిటిలోకీ పొడవైనది. డబ్బు విషయంలోనే అంత జాగ్రత్త కావాలంటే బిడ్డ దేహం విషయంలో ఎంత కావాలి?

కాగితం అడిగితే పోలీసులు పగబడతారని పెద్దలు భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. అందుకే ఒక్కడిని అడగమనడం లేదు, మసీదు కమిటీలూ బస్తీ సంఘాలూ అడగాలంటున్నాము. ఎఫ్ఐఆర్ తీసుకోకపోతే 173వ సెక్షను కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు పంపవచ్చు, ఆ తర్వాత మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఠాణాలలో, లాకప్పులలో సీసీ కెమెరాలు ఉండాలని, దృశ్యాలను 18 నెలలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. మనిషి స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని సమాచార హక్కు చట్టం కింద 48 గంటల్లో ఇవ్వాలి. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, గడువు దాటితే తలుపు మూసుకుంటుంది. ఇవేవీ వెంటనే న్యాయం తెచ్చిపెట్టవు. దరఖాస్తుల గతి మా ఉద్యోగ జీవితంలో చూసినవారమే. అయినా ముద్ర పడిన దరఖాస్తును కాదనడం అధికారికి కష్టం, నోటిమాటను కాదనడం క్షణం పని.

ఠాణాలలో అలసిపోయి, సెలవు దొరకక, పైవారి నోటి ఆదేశాలకు బలయ్యే కానిస్టేబుళ్లు ఉన్నారు, వారిలో మన పిల్లలు కొద్దిమందే. రాతపూర్వక ఆదేశం అడిగే సంప్రదాయం వస్తే రేపు సస్పెన్షను కాగితం వారి ఒక్కరి చేతికే రాకుండా ఉంటుంది.

ప్రతి మసీదు కమిటీ వద్ద చందాల పుస్తకం ఉంటుంది. దాని పక్కన మరొక పుస్తకం పెట్టమని మా కోరిక. బస్తీలో తనిఖీ జరిగిన తేదీ, గంట, వచ్చిన వాహనాల నంబర్లు, అధికారి పేరు, హోదా, అడుగుపెట్టిన ఇళ్లు, చూపిన కాగితం, చూపకపోతే చూపలేదన్న మాట, ఇద్దరు ఇరుగుపొరుగువారి సంతకాలు. సాధ్యమైతే ఆ ఇద్దరిలో ఒకరు ముస్లిమేతరులు కావడం మంచిది.